గాలమునకు చోటు ఏది? బొగ్గుగనుల సీమలోని పంచాయతీలకు కొన్ని సూచనలు

సింగరేణి గనులలో ముప్పదియేండ్లు, అంతకు పైబడి పనిచేసి విశ్రాంతి పొందిన కార్మికులు పలువురు రామగుండం, గోదావరిఖని కార్మికవాడలను విడిచి తమ స్వగ్రామములకు తిరిగి వచ్చుచున్నారు. 2021లో సింగరేణి కార్మికుల ఉద్యోగ విరమణ వయస్సు 61 సంవత్సరములకు పెంచబడినది. ఆ వయస్సున ఊరు చేరిన మనిషికి నాగలి పట్టుట కష్టము. ఊరక కూర్చుండుట అంతకంటె కష్టము. అట్టివారిలో కొందరు బాల్యమున నేర్చిన ఒక విద్యను మరల చేపట్టుచుందురు. అది గాలము వేయుట.

వారు సంతలో గాలములు, నైలాను దారము కొని, చిన్ననాడు పెద్దల వెంట కూర్చున్న గట్టుమీదనే మరల కూర్చుందురు. ఎండ నడినెత్తికి వచ్చువరకు బెండు కదలదు. నాలుగు దినములు చూచి, చెరువులో చేప లేదని తీర్మానించి, జనసంచారము లేని నీటిని వెదకుచు విడిచిన ఓపెన్‌కాస్టు గోతుల వైపు నడచుటయు కలదు. చిక్కు అంతయు ఇచటనే ఉన్నది. చెరువులో చేప లేకపోలేదు. చేప నిలుచు చోటు మారినది. ఆ మార్పును గుర్తింపగలిగినవానికి ఊరి నీటిలోనే చేప దొరకును. గుర్తింపలేనివాడు ప్రమాదకరమైన నీటికి పోవును, లేదా తెలియక ఇతరుల హక్కునకు భంగము కలిగించును.

కావున గాలము వేయదగిన చోటును ఎరుగుట కేవలము వినోదమునకు సంబంధించిన విషయము కాదు. గ్రామస్థుల ప్రాణరక్షణ, మత్స్యకారుల జీవనోపాధి, చెరువులోని మత్స్యసంపద, ఈ మూడును ఇందులో ఇమిడియున్నవి. తిరిగివచ్చిన వ్యక్తి మొదట అడుగునది సర్పంచినో, వార్డు సభ్యునో. ఆ అడిగినవానికి సరియైన సమాధానము చెప్పగలుగుట పంచాయతీ బాధ్యతలలో ఒకటి.

నీరు మారినది

రామగుండమను పేరులోనే గుండమున్నది. రాముని గుండములని పిలువబడు కొండమీది నీటి గుండములను నేటికిని యాత్రికులు దర్శించుచున్నారు. ఆ గుండములు ఉన్నచోటనే ఉన్నవి గాని, ఈ సీమలోని తక్కిన నీటి స్వరూపము అరువదియేండ్లలో చాల మారినది.

1963లో పోచంపాడు వద్ద శ్రీరామసాగర్ ప్రాజెక్టుకు ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. ఆ ఆనకట్ట లేచిన పిమ్మట దిగువ గోదావరి మునుపటి వలె ప్రవహింపలేదు. తరువాత రామగుండమునకు ఎగువన ఎల్లంపల్లి వద్ద సుమారు 20 టి.ఎం.సి.ల నిల్వ సామర్థ్యము గల శ్రీపాద జలాశయము ఏర్పడినది. వేసవిలో కాలినడకను దాటిన రేవులు కొన్ని దానివలన నీట మునిగినవి. 2019లో కాళేశ్వరము పథకములో భాగముగా సుందిళ్ల బరాజు వద్ద నీటిని నిలువచేయగా, అచట నది చెరువు వలె నిండుగా కనిపించినది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు స్తంభములు కుంగిన పిమ్మట సుందిళ్ల వద్ద నిలువ నీటిని విడిచిపెట్టిరి; ఇసుక మేటలు మరల బయటపడినవి. కొద్ది సంవత్సరముల వ్యవధిలో ఒకే చోట రెండు విధములైన నదిని జనులు చూచిరి.

ఊరి చెరువులును మారినవి. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమము 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణకు ఉద్దేశింపబడినది. పూడిక తీసిన చెరువులలో మట్టి ఎత్తిన తావులు లోతుపడినవి. ఎత్తని తావులు మెరకగనే ఉన్నవి. మునుపు పళ్లెము వలె ఏటవాలుగా ఉండిన చెరువు అడుగు ఇప్పుడు పలుచోట్ల మెట్లు మెట్లుగా ఉన్నది. చిన్ననాటి గుర్తులను నమ్మి చెరువులో దిగినవాడు మోకాలి లోతు నుండి ఒక్క అడుగులో తలమునుగు లోతునకు జారవచ్చును.

చేపలును మారినవి. మునుపు మన చెరువులలో కొర్రమీను, మట్టగిడస, మార్పు, వాలుగ, జెల్ల, పరిగె మొదలైన నాటు చేపలు విరివిగా ఉండెడివి. 2016-17 నుండి ప్రభుత్వము చేపపిల్లలను ఉచితముగా చెరువులలో వదలు పథకమును చేపట్టినది. అందువలన బొచ్చె, రవ్వ, మృగాల, బంగారుతీగ మొదలైన పెంపుడు జాతులు పలు చెరువులలో ప్రధానమైనవి. నాటు చేపల నడవడి వేరు, వీని నడవడి వేరు. ముప్పదియేండ్ల నాటి ఎర, ముప్పదియేండ్ల నాటి గట్టు ఇప్పుడు పనికిరాకపోవుటకు కారణము ఇదియే.

చెరువును పరిశీలించు విధము

తిరిగివచ్చినవాడు మొదటి రెండు మూడు దినములు గాలము లేకుండనే చెరువు చుట్టు తిరుగుట మంచిది. చేప ఒకచోట నిలుచుటకు మూడు కారణములుండును: మేత, ప్రాణవాయువు, దాగుటకు నీడ. ఈ మూడింటిలో రెండైనను కలిసిన తావు మంచి తావు.

చెరువులోనికి వాగుగాని, ఒర్రెగాని, కాలువగాని వచ్చి కలియు చోటును మొదట చూడవలెను. తొలకరి వానలకు పొలముల మీది పురుగు, పుట్ర ఈ దారిననే వచ్చును. కొత్తనీటిలో ప్రాణవాయువు అధికము. అందువలన చేపలు ఆ నీటికి ఎదురెక్కును. ప్రవాహమునకు నడుమ గాక, వడినీరు నిలువనీటితో కలియు అంచున గాలము వేయుట మేలు.

రెండవది తూము పరిసరము. కట్టను ఆనుకొని తూము వద్ద నీరు లోతుగా ఉండును. వేసవిలో శిఖము ఎండిపోగా మిగిలిన నీరంతయు ఇచటికే చేరును. చేపలును ఇచటికే చేరును. అయితే తూము తెరచినప్పుడు దాని దరికి పోరాదు. నీటి లాగుడు పైకి కనిపించకయే మనిషిని లోపలికి ఈడ్చును.

మూడవది మత్తడి. మత్తడి దుముకునప్పుడు చేపలు కొన్ని నీటితోపాటు దిగువ గుంటలోనికి జారిపోవును. ప్రవాహము తగ్గిన పిమ్మట ఆ గుంట అంచున కూర్చున్నవానికి చేప దొరకును. ప్రవాహము ఉండగా పాచిపట్టిన మత్తడి రాళ్లమీద నిలుచుట ప్రాణాపాయము.

నాలుగవది తుంగ, తామర పెరిగిన అంచులు. దట్టమైన తుంగ నడుమ గాలము చిక్కుపడును. పూర్తిగా బట్టబయలైన నీటిలో వేటచేప నిలువదు. తుంగ ముగిసి తెరపి నీరు మొదలగు అంచునందే వేటచేప పొంచియుండును. మునిగిన చెట్టు మోడులు, పాత రాతికట్టు పగుళ్లు కూడ ఇట్టివే.

గాలిని కూడ గమనింపవలెను. ఒకే దిక్కునుండి గాలి కొంతసేపు వీచినచో నీటిపై తేలు సూక్ష్మమైన మేత ఎదుటి ఒడ్డుకు చేరును. దానివెంట చిన్న చేపలు, వానివెంట పెద్ద చేపలు పోవును. ఎదురుగాలి వీచు ఒడ్డున కూర్చుండుట కొంత అసౌకర్యమే అయినను, ఫలితము అచటనే అధికము.

పక్షులు మంచి సాక్షులు. కొంగలు బారుగా నిలిచిన తావున నీరు పలుచన, చిన్న చేప అధికము. నీటికాకులు మాటిమాటికి మునుగు తావున లోతు, అందు మధ్యరకపు చేప ఉండునని గ్రహింపవచ్చును. లకుముకిపిట్ట రోజూ వ్రాలు కొమ్మక్రింద పరిగెల గుంపు ఉండును. ఇవిగాక ఊరిలో నీటిని ఎరిగినవారు ఉందురు. నీరటికాడు, గొఱ్ఱెల కాపరి, చాకలి, వృద్ధ మత్స్యకారుడు, వీరిని అడిగి తెలిసికొనుటలో చిన్నతనము లేదు.

లోతు తెలియుటకు నీటిలో దిగనక్కరలేదు. దారము కొసకు గులకరాయి కట్టి, పొడవైన గడకర్ర కొసనుండి నిటారుగా నీటిలోనికి దింపి, రాయి అడుగును తాకిన పిమ్మట తడిసిన దారమును కొలిచినచో అచటి లోతు ఇంచుమించుగా తెలియును. పది చోట్ల ఇట్లు కొలిచినచో, పూడిక తీసిన గోతి ఎచట మొదలై ఎచట ముగియుచున్నదో బోధపడును. ఆ గోతి అంచున చేప తిరుగును. ఆ గోతి అంచుననే మనిషి మునుగును. కావున ఈ కొలత రెండు విధముల ఉపయోగకరము.

ఏ చేపకు ఎంత లోతున ఎర ఉండవలెనో కూడ తెలియవలెను. బొచ్చె పై నీటిలో మేయును. రవ్వ నడిమి నీటిలో మేయును. మృగాల, బంగారుతీగ అడుగున వెదకుకొనును. తవుడు, పిండి కలిపిన ముద్ద వీనికి తగిన ఎర. బెండును పైకి, క్రిందికి జరుపుటలోనే సగము నేర్పు ఉన్నది. జెల్ల, మార్పు, మట్టగిడసలకు ఎర్రలు మంచివి. బ్రతికిన కప్పను ఎరగా గ్రుచ్చు అలవాటును మానుట మంచిది. కప్ప పొలములోని పురుగును తిని రైతునకు మేలుచేయు ప్రాణి.

వేళ విషయమున ఉదయము, సాయంకాలము శ్రేష్ఠము. వేసవి మధ్యాహ్నమున పైనీరు వేడెక్కగా చేప లోతునకు దిగును. ఇచట ఒక హెచ్చరిక అవసరము. తెల్లవారుజామున బొచ్చె, రవ్వలు గుంపులుగా నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో, అది గాలమునకు శుభశకునము కాదు. నాచు, గుర్రపుడెక్క, మురుగు అధికమైన చెరువులో రాత్రివేళ ప్రాణవాయువు తగ్గి, తెల్లవారు సమయమునకు మిక్కిలి హీనమగును. చేపలు ఊపిరి అందక పైకి వచ్చినవన్నమాట. ఆ దృశ్యమును చూచినవాడు గాలము చుట్టి పెట్టి, వెంటనే మత్స్యకారుల సంఘమునకు, పంచాయతీకి తెలుపవలెను. కొత్తనీరు పెట్టుట, నీటిని కలచుట మొదలైన ఉపాయములతో చెరువును కాపాడవచ్చును. ప్రతి ఉదయము గట్టుమీద కూర్చుండు విశ్రాంత కార్మికుడు ఈ విధముగా చెరువునకు కావలివాడు కాగలడు.

కొర్రమీను గుట్టు

గాలము వేయువారందరి కన్ను కొర్రమీను మీదనే ఉండును. తెలంగాణ ప్రభుత్వము 2016లో దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించినది. తక్కిన చేపల వలె ఇది మొప్పలతో మాత్రమే జీవింపజాలదు. మాటిమాటికి నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనును. కావున ప్రశాంతమైన ఉదయమున తుంగ అంచున ఒకేచోట మరల మరల నీరు సుడితిరిగి బుడగలు లేచినచో, అచట కొర్రమీను ఉన్నదని గుర్తింపవచ్చును. బొచ్చె పైకి వచ్చి నోరు తెరచుట ఆపద. కొర్రమీను పైకి వచ్చుట ప్రకృతి. ఈ భేదమును మరువరాదు.

వానకాలమున కొర్రమీను పలుచని నీటిలో, గడ్డి నడుమ వలయముగా తావు చేసికొని గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు నీటిపై తేలును. పొదిగిన పిల్లలు ఎఱ్ఱని గుంపుగా కలిసి తిరుగును. తల్లిదండ్రులు వానిక్రిందనే ఉండి కొన్ని వారములు కాపలా కాయును. ఎఱ్ఱని గుంపు కనిపించినచోట పెద్ద చేప తప్పక ఉండునని గాలము వేయువారందరికి తెలియును. గుంపు మీదుగా ఎరను లాగినచో, ఆకలి లేకున్నను, పిల్లలను కాపాడుటకై ఆ చేప ఎరపై దూకి గాలమునకు చిక్కును. ఇంతకంటె సులభమైన వేట లేదు. ఇంతకంటె నష్టకరమైన వేటయు లేదు. కాపలా పోయిన పిల్లలను ఇతర చేపలు, పక్షులు తినివేయును. ఒక్క చేప కూరకు ఒక సంవత్సరపు పంట పోవును.

ఇతర దేశములవారు ఈ విషయమును ఎట్లు పరిష్కరించిరో తెలిసికొనుట మంచిది. ఉత్తర అమెరికాలో గాలము వేయువారికి ప్రీతిపాత్రమైన బాస్ అను చేప కూడ మన కొర్రమీను వలెనే పొంచి వేటాడునది, గూటిని కాపాడునది. బాస్ చేపలలో మగచేప గూటిని కాయును. దానిని తొలగించినచో చిన్న చేపలు కొద్దిసేపటిలోనే గూటిపై పడి గ్రుడ్లను మ్రింగును. అందువలన కెనడాలోని ఆంటారియో రాష్ట్రపు దక్షిణ భాగమున చాలచోట్ల వసంతకాలమంతయు బాస్ వేటను నిలిపి, జూన్ మాసమున మరల అనుమతింతురు. అచట గుర్తించిన సత్యమే మన చెరువునకును వర్తించును.

మృగశిర కార్తె ప్రవేశించిన దినమున చేప తినుట మన ప్రాంతపు ఆచారము. ఆ ఆచారమునకు ఎవరును అడ్డుచెప్పనక్కరలేదు. వేసవిలో నీరు తగ్గిన చెరువులలో మత్స్యకారులు పట్టిన చేప ఆ దినమునకు ఉండును. కాని సరిగా ఆ కార్తె తరువాతనే కొర్రమీను గూడు కట్టు కాలము మొదలగును. కావున మృగశిర నాడు తిని, జూలై, ఆగస్టు మాసములలో ఎఱ్ఱని గుంపు తిరుగు మూలను విడిచిపెట్టుదమను కట్టుబాటు గ్రామమంతయు కలిసి చేసికొనదగినది.

గోదావరి ఒడ్డున

నదిలో చోటు వెదకుట చెరువుకంటె కొంత భిన్నము. నది వంపు తిరిగినచోట బయటి ఒడ్డు కోసుకొనిపోయి మడుగు ఏర్పడును. లోపలి ఒడ్డున ఇసుక మేట వేయును. చేప పగలు మడుగులో ఉండి, ఉదయ సాయంకాలములలో మేట అంచునకు వచ్చును. వాగు నదిలో కలియు చోటు, బండల వెనుక నీరు నెమ్మదించు చోటు కూడ మంచివి. వాలుగ వంటి పెద్ద చేప మడుగులను విడువదు. ఎల్లంపల్లి జలాశయపు వెనుక నీటిలో మునిగిన పాత గట్లు, చెట్ల మోడులు చేపలకు ఆశ్రయములు. అచట ఒడ్డునుండి వేయుట తప్ప, పుట్టెక్కి ఒంటరిగా పోవుట తగదు.

ఆనకట్ట దిగువ మాత్రము ఎంత చేప ఉన్నను కూర్చుండదగిన తావు కాదు. ఇచట వాన లేకున్నను ఎగువ వరద వచ్చినచో గేట్లు తెరచుదురు. ఎల్లంపల్లికి గోదావరి నీరేగాక కడెం నీరును చేరును. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు దాని విడుదల సామర్థ్యమును మించిన వరద వచ్చుట మన జిల్లాలవారికి జ్ఞాపకమే. సైరను మ్రోగిన పిమ్మట సామాను సర్దుకొనుటకు వ్యవధి ఉండునని భావింపరాదు. ఇసుక తవ్విన గోతులు నీటిక్రింద కనిపింపవు; అవి కూడ ప్రమాదకరములే.

చేరరాని నీరు

ఈ సీమకు ప్రత్యేకమైన ప్రమాదము బొగ్గు తవ్వగా మిగిలిన గోతులలోని నీరు. అది నీలముగా, నిశ్చలముగా, కనుల కింపుగా ఉండును. జనసంచారము లేనందున చేప అధికముగా ఉండునని తోచును. వాస్తవము వేరు. చెరువునకు పలుచని అంచు ఉండును. చేప మేయునది, గ్రుడ్లు పెట్టునది ఆ అంచుననే. ఓపెన్‌కాస్టు గోతికి అంచు లేదు. ఒడ్డు నిలువుగా మెట్లు మెట్లుగా దిగును. ఒక్కొక్క మెట్టు మనిషి ఎత్తునకు ఎన్నో రెట్లు. లోతున సూర్యకాంతి సోకదు. అడుగు నీటిలో ప్రాణవాయువు స్వల్పము. కావున ఇట్టి గోతిలో తానుగా పెరుగు చేప తక్కువ. ఒడ్డుమట్టి మాత్రము నిలుకడ లేనిది. కదిలించి పోసిన మట్టిదిబ్బ వానకు నాని ఒక్కసారిగా జారును. నీట పడినవాడు పైకెక్కుటకు పట్టు దొరకదు.

గనిలో పైకప్పును కడ్డీతో తట్టి, ధ్వనిని విని, గట్టిదని తేలిన పిమ్మటనే దానిక్రింద నిలుచుట గని కార్మికుడు తొలినాళ్లలోనే నేర్చు పాఠము. భూగర్భమున ముప్పదియేండ్లు ఆ పాఠమును మరువనివాడు పైన గోతి ఒడ్డున దానిని మరచుట న్యాయము కాదు. గని ఆవరణలో అనుమతి లేనిదే ఎవరును ప్రవేశింపరాదు. కంచె తెగిన చోట్లు పంచాయతీ దృష్టికి వచ్చినచో గని అధికారులకు లిఖితపూర్వకముగా తెలుపవలెను.

గోతి నీటిలో చేపల పెంపకమే అసాధ్యమని దీని అర్థము కాదు. ఝార్ఖండ్ రాష్ట్రపు రామ్‌గఢ్ జిల్లాలో కుజు ప్రాంతమున విడిచిన బొగ్గుగోతిలో పంజరములు అమర్చి, మేత వేసి, సహకార పద్ధతిపై చేపలు పెంచుచున్నారు. అది నీటిని పరీక్షించి, దారి వేసి, పడవలు సమకూర్చుకొని పలువురు కలిసి చేయు పని. ఒంటరిగా గాలము పట్టుకొని గోతి అంచున కూర్చుండుటకును దానికిని పోలిక లేదు.

థర్మల్ విద్యుత్ కేంద్రపు బూడిద చెరువు పేరునకు చెరువైనను చెరువు కాదు. పైన గట్టిగా కనిపించు బూడిద అడుగు పెట్టగనే క్రుంగును. బూడిదలో భారలోహములు ఉండును గనుక, అచటి నీటిలో తిరిగిన చేప తినదగినది కాదు. రామగుండం ఎన్.టి.పి.సి. జలాశయముపై 2022లో 100 మెగావాట్ల తేలియాడు సౌరవిద్యుత్ కేంద్రము పనిచేయుట ప్రారంభించినది. అది కావలిగల స్థలము. అచట చేపల వేటకు తావులేదు.

గనుల నుండి తోడిన నీరు చేరు కుంటలు, ఒర్రెలు కొన్ని మన గ్రామములలో ఉన్నవి. వానిని చూడగనే మంచివనిగాని, చెడ్డవనిగాని నిర్ణయింపరాదు. నీటి అంచున కప్పలు, నత్తలు, నీటిపురుగులు, పరిగెలు ఉన్నచో అది జీవమున్న నీరు. ఇవేవియు లేక, రాళ్లపై తుప్పు వంటి పొర పేరుకొనియున్నచో నీటిని పరీక్ష చేయించువరకు అచటి చేపను తినకుండుట క్షేమము.

చెరువు చేప ఎవరిది?

గట్టు అందరిది గనుక చేపయు అందరిదని కొందరు తలంతురు. ఇది పొరపాటు. మన చెరువులలో పెక్కింటి చేపల హక్కు స్థానిక మత్స్యకారుల సహకార సంఘమునకు లీజుపై ఉండును. పిల్లలు వదలినది మొదలు వలవేయువరకు కాపలా కాచువారు వారు. ఒక మనిషి గాలముతో పట్టు రెండు చేపలవలన వారికి పెద్ద నష్టము లేదు. పది మంది, దినము విడువక, అరచేతిలో పట్టు పిల్లలను బుట్టలకెత్తినచో నష్టమే. అడిగి వేసినవానిని వద్దనువారు అరుదు. అడుగక వేసినవానితో తగవు తప్పదు. పెద్ద జలాశయములలో మత్స్యశాఖ అనుమతి అవసరమగును.

ప్రేలుడు పదార్థములతోను, విషముతోను చేపలు పట్టుటను 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించినది. నూరేండ్లు దాటినను ఈ దురలవాటు అంతరింపలేదు. గనుల సీమలో ప్రేలుడు పదార్థముల పేరు అందరికి తెలిసినదగుటచే, పంచాయతీలు ఈ విషయమున మరింత మెలకువతో ఉండవలెను. ఆఫ్రికా జాతి మార్పు చేప పెంపకమును భారత ప్రభుత్వము నిషేధించినది. అది నాటు చేపలను తినివేయును. ఎవరి గాలమునకైనను అది చిక్కినచో మరల చెరువులో వదలరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

ఈ పనులకు పెద్ద వ్యయము లేదు. మొదట పంచాయతీ సభ్యులు, మత్స్యకారుల సంఘమువారు, నీరటికాడు, ఊరిలోని విశ్రాంత కార్మికులు కలిసి ఒకనాడు ఊరి నీటినంతయు తిరిగి చూడవలెను. ఆ పిమ్మట నీటిని మూడు తరగతులుగా విభజింపవలెను: గాలము వేయదగిన తావులు, సంఘమును అడిగి వేయదగిన తావులు, ఎన్నడును చేరరాని తావులు. ఈ జాబితాను పంచాయతీ కార్యాలయమున, చెరువు కట్టమీద, బడివద్ద పెద్ద అక్షరములతో వ్రాయించవలెను. గ్రామసభలో చదివి వినిపింపవలెను.

పూడిక తీసిన గోతుల అంచులలో వేసవియందే సున్నము పూసిన గుంజలు పాతించినచో, నీరు నిండిన పిమ్మట లోతు ఎచట మొదలగునో అందరికి తెలియును. ఈత ఆడు పిల్లలకును ఇది రక్షణ. కట్టమీద జనులు కూర్చుండు తావున పొడవైన త్రాడు, గాలి నింపిన ట్యూబు ఒకటి వ్రేలాడదీయించవలెను. మునుగుచున్నవానిని కాపాడుటకు వెనుకముందు చూడక దూకినవాడును మునుగుట పలుచోట్ల జరుగుచున్నది. త్రాడు ఉన్నచో దూకనక్కరలేదు.

గాలము వేయువారికి నాలుగు కట్టుబాట్లు చాలును. ఇంటి కూరకు చాలినంత మాత్రమే పట్టవలెను. పెద్ద గాలమునే వాడి, చిక్కిన పిల్లచేపను తడిచేతితో విప్పి నీటిలో విడువవలెను. జూలై, ఆగస్టులలో కొర్రమీను మూలలకు పోరాదు. తెగిన నైలాను దారమును గట్టున పారవేయరాదు. అది పశువుల నోటికి, పక్షుల కాళ్లకు ఉరియగును.

తిరిగివచ్చిన కార్మికులను కేవలము కాలక్షేపము చేయువారుగా చూడనక్కరలేదు. నీటిమట్టము ఎంత తగ్గినది, మత్తడి ఏనాడు దుమికినది, ఎఱ్ఱని గుంపు ఏ మూల తిరుగుచున్నది, చేపలు ఏనాడు నోరు తెరచినవి, ఇవన్నియు గట్టుమీద కూర్చున్నవానికి తెలిసినట్లు మరియొకనికి తెలియవు. వారిలో అక్షరజ్ఞానము గలవానిచేత ఒక పుస్తకమున ఈ విషయములను వ్రాయించినచో, రెండు మూడేండ్లలో ఆ పుస్తకము పంచాయతీకిని, మత్స్యకారులకును, మత్స్యశాఖవారికిని ఉపయోగపడును.

వానలు కురిసి చెరువు నిండిన పిమ్మట గుంజలు పాతుటకు వీలుండదు. కావున నీరు తగ్గిన ఈ మాసములలోనే సభ్యులు ఒకసారి చెరువులోనికి దిగి, గోతులెచట ఉన్నవో కన్నులార చూచి, జాబితాను సిద్ధము చేసికొనవలెను. రాబోవు గ్రామసభ కార్యక్రమములో ఈ విషయమును చేర్చుట సర్పంచులు మొదట చేయవలసిన పని.